నా స్కూటరు సప్లిమెంటరీ పాసైన రోజు

దొంగతనం చేసి దొరికినవాళ్ళను మీరు చూసే ఉంటారు. నిజం చెప్పి పోలీసుకు దొరికిపోయిన ఇల్లాలిని చూశారా? చూడకపోతే కాస్త సర్దుక్కూర్చోండి.

అవి రెండువేల తొలి ఏళ్ళు. ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మావారు ఆఫీసుకు బస్సులో వెళ్ళడం మొదలుపెట్టాక పాత స్కూటరు ఖాళీ అయింది. శనివారం శనివారం దానిమీద గుడికి వెళ్ళాలని నా ఆశ.

"పొగ పరీక్ష చేయించి సర్టిఫికెట్ నువ్వే తెచ్చావా, బండి నీది. లేదా అమ్మేస్తా" అన్నారాయన.

నా చదువంతా ఇంట్లో నాన్నగారి దగ్గరే, హిందీతో సహా. బడి మొహం ఎరగను కనుక పరీక్షంటే మహా భక్తి. ప్రమిదలో నూనె నిండుగా ఉంటేనే కదా దీపం చక్కగా వెలిగేదని, డబ్బాలో మిగిలిన స్కూటరు ఆయిలంతా పెట్రోలు ట్యాంకులో వంచేశాను. బండికి బొట్టు కూడా పెట్టాను.

పెట్రోలు బంకు పక్కన పరీక్ష వ్యాను. అందులోని భయ్యా సైలెన్సరులో గొట్టం దూర్చి ఇంజను ఆన్ చేయించాడు. హోమగుండంలో పచ్చికట్టెలు వేసినట్టు పొగ!

"పాసేనా భయ్యా?"

"అరే దీదీ, ముందు మీరెక్కడున్నారో కనబడనివ్వండి!"

పొగ విడిపోయాక తల పట్టుకున్నాడు. "ఫెయిల్. బంకులో పోసే పెట్రోల్లోనే ఆయిల్ కలిపి ఉంటుంది కదా, పైన మళ్ళీ ఎందుకు పోశారు? ట్యాంకు కడిగించి, ప్లగ్గూ కార్బరేటరూ శుభ్రం చేయించి తీసుకురండి. మళ్ళీ టెస్ట్ చేస్తా."

అంటే సప్లిమెంటరీ! బడికే వెళ్ళనిదాన్ని, రాసిన మొదటి పరీక్షే తప్పాను.

మెకానిక్ అంకుల్ పుణ్యమా అని మర్నాటికి ఇంజను తలంటుకున్న పసిపాపలా తయారైంది. భయ్యా మళ్ళీ గొట్టం పెట్టి, మీటరు చూసి "పాస్!" అన్నాడు. ఆయనకూ, మెకానిక్‌కూ, ఏడుకొండలవాడికీ వరసగా దణ్ణాలు పెట్టి, సర్టిఫికెట్టు చేతిసంచిలో భద్రంగా దాచుకుని బయల్దేరాను.

చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు ఆపాడు.

"మేడమ్, పొల్యూషన్ హై?"

పొల్యూషన్ ఉందా అట! నిన్న అడిగుంటే సిగ్గుతో చచ్చేదాన్ని. ఇవాళ నాకేం భయం?

"నహీ భయ్యా!"

"నహీ హై?"

"బిల్‌కుల్ నహీ! భగవాన్ కీ దయా సే, జరా భీ నహీ!" దేవుడి దయవల్ల రవ్వంత కూడా లేదన్నాను.

ఆయన జాలిపడ్డాడు. "ఆలోచించి చెప్పండి మేడమ్."

"ఆలోచించేదేముంది? కావాలంటే వాసన చూసుకోండి" అని సైలెన్సరు చూపించాను.

తాళంచెవి లాక్కున్నాడు.

పక్క బూత్‌నుంచి ఫోన్ చేస్తే మావారు ఆటోలో పరుగెత్తుకొచ్చారు.

"సర్టిఫికెట్టు సంచిలోనే పెట్టుకుని చూపించవేం?"

"ఆయన సర్టిఫికెట్ ఎక్కడడిగాడండీ? పొల్యూషన్ అడిగాడు. లేనిది ఉందని అబద్ధమాడనా?"

"ఓసి నా తల్లీ! ఈ ఊళ్ళో పొల్యూషనంటే ఆ కాగితమేనే!"

ఇక బండి అమ్మకానికే అనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాను. మావారు సర్టిఫికెట్టు చూపించి చెప్పిన సంగతి విన్న పోలీసు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వి, తాళంచెవి నా చేతిలోనే పెట్టాడు. "సాబ్, బండి మేడమ్‌కే ఇచ్చేయండి. ఢిల్లీలో పొల్యూషన్ లేదన్న మనిషిని నా సర్వీసులో ఇప్పుడే చూస్తున్నా!"

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా పెట్టనిదాన్ని నేనొక్కదాన్నే. అందుకే ఆ వేంకటేశ్వరుడి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట పొల్యూషన్ ఉందా అని ఎవరడిగినా, చేతులు జోడించి, "స్వామి దయవల్ల సంచినిండా ఉంది నాయనా" అంటాను.