పొట్టి వరి మీద నేను కట్టిన కథ

మా చెల్లెలి మొగుడి పొలం, నా పొలం పక్కపక్కనే, కోటబొమ్మాళి వెళ్లే బండిబాట వార. అరవైల చివర్లో ఓ ఏడు గ్రామసేవకుడు ప్రభుత్వం వారి కొత్త వరి విత్తనం పట్టుకొచ్చి ముందు నా గుమ్మమే ఎక్కాడు. "మా తాతలు తినని గింజ మాకెందుకు బాబూ" అని పెద్దమనిషి ఫోజు పెట్టి పంపేశాను. మా చెల్లెలి మొగుడు తీసుకున్నాడు.

కార్తీకం దాటేసరికి నా వరి ఛాతీ ఎత్తు పెరిగి, ఒక్క గాలివానకు చాప పరిచినట్టు పడిపోయింది. అతని వరి నడుమెత్తు కూడా లేదు. కానీ నిటారుగా నిలబడింది, ఒక్కో వెన్ను నా వాటికి రెండింతలు. దారిన పోయే జనం గట్టెక్కి అతని పొలం చూస్తుంటే నాకు కనబడేవి వాళ్ల వీపులే. ఆ పూట అన్నం సయించలేదు.

నా దగ్గరున్న ఆయుధం నాలుక ఒక్కటే. టెక్కలి సంతలో మొదలుపెట్టాను. ఇచ్ఛాపురం అవతల ఓ పెళ్లికొడుకు ఏడాది పాటు ఈ పొట్టి వరి బియ్యం తిని, పెళ్లినాటికి పంచె నేల ఊడ్చేంత కుదించుకుపోయాడనీ, పీట మీద నిలబెడితే గానీ తాళి కట్టడానికి చెయ్యి అందలేదనీ చెప్పాను. నవ్వారు. నవ్వుతూనే నమ్మారు.

నిజంగా చెప్పాల్సిన భయం ఇంకోటి ఉంది. ఆ వరికి పురుగుమందు కొట్టిన మర్నాడు మడిలో చేపపిల్లలు, పీతలు చచ్చి తేలడం నా కళ్లతో చూశాను. అది ఎవరికీ చెప్పలేదు. నిజానికి రుచి తక్కువ.

నూర్పులయ్యాక ఓ మధ్యాహ్నం చెల్లెలి మొగుడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బావా, నీ సెల్లి నాలుగు రోజులై అన్నం ముట్టట్లేదు. సోడంబలి తాగి ఊరుకుంటంది. ఇంట్లో ఉన్నవి ఆ బియ్యమే. తింటే కడుపులో బిడ్డ పొట్టిదై పుడతాదని ఏడుత్తంది."

చెల్లెలికి తొలిచూలు, ఆరో నెల.

"ఎవులు సెప్పారట?" అన్నాను, దూలం వైపు చూస్తూ.

"సంతలో ఎవుడో నోరూరుకోని ఎదవ." నా మొహంలోకే చూస్తూ అన్నాడు. "కొత్తబియ్యం వండితే ముందు అయినోల్లకి పెట్టాల కదా. రేపొచ్చి తిను. నువ్వు తింటే అది తింటాది."

వెళ్లాను. చెల్లెలు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"అన్నియ్యా, పెల్లికొడుకు కత నిజమేనా?"

"నేనే కట్టేను."

"ఎందుకు?"

"మీ ఆయన పంట సూసి ఓర్వలేక."

"పాపిష్టోడా, తిను ముందు," అంది.

తిన్నాను. చెయ్యి కడుక్కున్నాక నన్ను ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, నెత్తి ఎక్కడికొచ్చిందో వేలితో చూసింది. "ఇంకా అంతే ఉన్నావు," అని తన కంచం లాక్కుంది.

ఆ అన్నం ముతక. చల్లారితే గడ్డ కడుతుంది. మా పాత బియ్యం రుచిలో సగం లేదు. ఈసారి చెప్పేది అచ్చంగా నిజమే కనుక చెప్పేద్దామని నోరు తెరిచాను. చెల్లెలు రెండోసారి వడ్డించుకుంటోంది. నోరు మూసుకుని, చారు గిన్నె ఆమె వైపు జరిపాను.