సలోమమ్మ ఇంటి చాయ్

దేవదానం సార్ చర్చి పెద్ద. ప్రతి ఆదివారం పగటీలి కాశిబుగ్గ వాడల నాలుగిండ్లు తిరిగి ప్రార్థన చేస్తడు. చేసిన ఇంట్ల చాయ్ తాగాల్సిందే. ఈ మర్యాద ఎవరు పెట్టిన్రో గానీ, ఒకసారి వద్దన్నందుకు ఒక కుటుంబం ఏడాదిపాటు ఆయన మొఖం చూడలే.

ఇయ్యాల మూడో ఇల్లు సలోమమ్మది. ఆమె కంటిచూపు కోసం ఎప్పటిలెక్కనే ప్రార్థన చేసి కండ్లు తెరిచేసరికి చాయ్ ముందరున్నది. అడుగున చక్కెర కరగనే లేదు. సార్‌కు కట్టు కట్టిన కాలి బొటనవేలు సలుపుతాంది. షుగర్ దిగకపోతే వేలు తీసెయ్యాలని నిన్ననే డాక్టర్ చెప్పిండు. సలోమమ్మ తన గ్లాసు పట్టుకొని, ఆయన తాగితే తాగుదామని చూస్తాంది. గ్లాసు సార్ పెదవులదాకా పోయింది. తాగకుండనే గ్లాసు కింద పెట్టిండు.

"తప్పుగ అనుకోకు అక్కా. నాకు షుగరున్నది. ఆరేండ్లాయె."

సలోమమ్మ తన గ్లాసు కూడా కింద పెట్టింది.

"జర ముందుగాల చెప్పరాదా తమ్మీ? ఇంటికొచ్చినాయనకు ఒక్కనికే తాగిపిస్తే బాగుండదని నేను గూడ తాగుతున్న. నా కన్ను దేనితోని పోతాందనుకున్నవు?"