శనివారం మధ్యాహ్నం ఒక శ్రోత

మావారు వైటూకే పని మీద సిడ్నీ వచ్చారు, ఆయన వెనకాల నేనూ వచ్చాను. పెండిల్ హిల్‌లో రెండు గదుల ఫ్లాటు. పొద్దున్నే రైలెక్కితే రాత్రి అన్నం వేళకు దిగేవారు. శనివారాలూ ఆఫీసే. లోకంలోని కంప్యూటర్లన్నిటికీ తేదీలు సరిచేసే బాధ్యత ఆయన ఒక్కరి నెత్తినే పడిందేమో అనుకునేదాన్ని. రోజంతా నాకు నోరు విప్పే పని ఉండేది కాదు.

అప్పుడే తెలుగు సంఘం వాళ్ళు నన్ను పట్టుకున్నారు. అక్కడి కమ్యూనిటీ రేడియోలో శనివారం మధ్యాహ్నం ఒక గంట తెలుగు కార్యక్రమం ఉండేది. దాన్ని నడిపే అంకుల్‌కు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం రావడంతో ఆ గంటను నా మెడకు చుట్టారు.

"మీ వాయిస్ చాలా బావుంటుందమ్మా, యాక్చువల్‌గా నువ్వే దీనికి కరెక్ట్," అంది సంఘం ఆంటీ, నన్ను ఏమని పిలవాలో తేల్చుకోలేక. నా గొంతు ఆవిడ అంతకుముందు విన్నది ఒక్కసారే, ఎవరింట్లోనో భోజనాల దగ్గర పప్పు ఇటు జరపమన్నప్పుడు.

స్టేషన్ అంటే లాండ్రీ దుకాణం పైన రెండు గదులు. నా ముందు గంటలో ఒక ఆస్ట్రేలియా పెద్దాయన పాత ఇంగ్లీషు పాటలు వేసేవారు. ఒకప్పుడు పేరున్న డిస్క్ జాకీ. ఎక్కడో ఎర్రమట్టి ఊళ్ళ స్టేషన్లలో మొదలుపెట్టి, సిడ్నీలో పొద్దుటి షో దాకా ఎదిగారట. ఆయన సంతకం కోసం ఆడపిల్లలు గేటు దగ్గర కాచుకునేవారట. తర్వాత కుర్రవాళ్ళ గొంతులు వచ్చాయి. వాటి వెనకే, పాటలను తనంతట తానే వేసుకునే కంప్యూటరూ వచ్చింది. భార్య ఎప్పుడో విడిపోయింది. ఇప్పుడు జీతం లేని ఈ ఒక్క గంటకే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చేవారు.

మొదటి రోజు నన్ను "లవ్" అని పిలిస్తే గుండె ఆగినంత పనైంది. బస్సు డ్రైవరూ, కూరగాయల కొట్టావిడా కూడా అందరినీ అలాగే పిలుస్తారని తర్వాత తెలిసింది. మైకు ముందు ఎలా కూర్చోవాలో, క్యాసెట్టు పాటకు ముందు ఎప్పుడు మాట ఆపాలో ఆయనే నేర్పారు. "ఊరందరితో మాట్లాడకు. ఎవరో ఒక్కరిని మనసులో పెట్టుకుని వాళ్ళతో మాట్లాడు," అనేవారు.

ఆ ఒక్కరు ఎవరన్నదే నా బాధ. స్టూడియోలో ఫోను మోగదు. ఎవరైనా చేస్తే ఎర్రలైటు వెలుగుతుంది. వారాలు గడిచినా అది వెలగలేదు. ఎక్కడ కలిసినా మనవాళ్ళది ఒకటే మాట, మధ్యాహ్నాన్ని అక్కడివాళ్ళలాగే 'ఆర్వో' అంటూ: "ఈ వీక్ మిస్సయ్యామండీ, శనివారం ఆర్వో పిల్లలకి స్విమ్మింగ్ కదా. నెక్స్ట్ వీక్ పక్కా వింటాం." స్విమ్మింగ్ నేర్చుకోని తెలుగు పిల్లలు సిడ్నీలో ఒక్కరైనా ఉన్నారా అని నాకు అనుమానం వచ్చేది. మానేస్తానని పెద్దాయనతోనే చెప్పాను. ఇంకొక్క వారం చూడమన్నారు.

ఆ వారం లైటు వెలిగింది! పాట నడుస్తుండగా ఫోనెత్తి హలో అన్నాను. అవతల ఎవరూ మాట్లాడలేదు. వెనక నా పాటే సన్నగా వినిపించింది, తర్వాత పెట్టేశారు. మరుసటి శనివారం మళ్ళీ అంతే. ఎవరో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల, మాట్లాడటానికి బెరుకు కాబోలు అనుకున్నాను. ఇక ఏడాది పొడుగునా ఆ పిల్లతోనే మాట్లాడాను. కరివేపాకు ఎక్కడ దొరుకుతుందో, బస్సు ఆగాలంటే చెయ్యి ఎలా చాపాలో, సాయంత్రాలు దిగులేస్తే ఏ పార్కు నయమో చెప్పాను. నిజం చెప్పాలంటే ఆ గంట కోసమే మిగతా వారం బతికాను.

ఏడాది చివర్లో లైటు వెలగడం ఆగిపోయింది. పెద్దాయనా రావడం లేదు. గుండెజబ్బుతో ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి పళ్ళు పట్టుకుని వెళ్ళాను. చిక్కిపోయారు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక ఉండబట్టలేక నా గోడు చెప్పాను. "ఫోన్ చేసే ఆ పిల్ల చేయడం మానేసింది. ఏమైందోనని భయంగా ఉంది," అన్నాను.

ఆయన దుప్పటి అంచు సర్దుకున్నారు. "ఆ ఫోన్లు చేసింది నేనే, లవ్," అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. లేని పిల్ల కోసం ఏడాదిపాటు బెంగపెట్టుకున్నానా? "నా మీద జాలిపడ్డారా?" అని గట్టిగానే అడిగాను. పక్క మంచం మనిషి తలెత్తి చూశాడు.

"జాలి కాదు. కుర్రతనంలో ఆ ఎర్రమట్టి ఊళ్ళో నేనూ వెలగని లైటు చూస్తూ కూర్చున్నాను. మాట్లాడితే గొంతు గుర్తుపడతావని ఊరుకున్నాను," అన్నారు.

"ఒక్క ముక్క అర్థం కాని భాష గంటసేపు ఎలా విన్నారు?"

"శనివారం మధ్యాహ్నం నాతో మాట్లాడేది నువ్వొక్కదానివే."

నా కోపం తగ్గలేదు. సంచి తీసుకుని లేచాను.

"ఒక్కటి అడగనా? చలికాలంలో ఒక శనివారం నువ్వు మామూలుగానే మాట్లాడావు, నవ్వావు కూడా. కానీ నీకేదో జరిగింది. ఏమైంది ఆ వారం?" అన్నారు.

ఆ వారమే నాకు మూడో నెలలో కడుపు పోయింది. మావారు నన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చి, "నువ్వు రెస్ట్ తీసుకో. ఈ రిలీజ్ అయిపోనీ, కూర్చుని మాట్లాడుకుందాం," అని ఆఫీసుకు వెళ్ళారు. రిలీజ్ అయిపోయింది. మేం మాట్లాడుకోలేదు. ఇంకెవరికీ నేను చెప్పనూ లేదు, నన్ను ఎవరూ అడగనూ లేదు.

మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. ఇంగ్లీషులో చెప్పబోతే ఒక్క మాటా రాలేదు, తెలుగులోనే మొదలుపెట్టాను. పెద్దాయన పక్కబల్ల మీది రేడియో కట్టేసి నా వైపు తిరిగారు.