తిరునాళ్ళకు ముందు కలరా సూది

పెళ్ళయి నరసరావుపేట పక్క పల్లెకు కాపురానికొచ్చిన ఏడాది, శివరాత్రి దగ్గరపడే కొద్దీ నాకు కాలు నిలిచేది కాదు. మా పుట్టిల్లు రెంటచింతల. కోటప్పకొండ తిరునాళ్ళ గురించి వినడమే తప్ప ఎన్నడూ చూసింది లేదు. ఇక్కడేమో మా వీధిలోనే కొండకు తోలుకుపోయే ప్రభ కడుతున్నారు. నీళ్ళకు పోయినదాన్ని బిందె చంకన పెట్టుకుని, వాళ్ళు వెదురు బద్దలకు రంగు కాగితాలు అంటిస్తుంటే చూస్తూ ఉండిపోయేదాన్ని.

పండగ ఇంకో వారం ఉందనగా సర్కారు ఆసుపత్రి నర్సమ్మ వచ్చి బడి వరండాలో కూర్చుంది. తిరునాళ్ళకు పోయేవాళ్ళంతా కలరా సూది వేయించుకోవాలని కబురు పెట్టింది. మా అత్త వద్దంటే వద్దంది. కిందటేడు వేయించుకుంటే చెయ్యి వాచి, జ్వరమొచ్చి, ఆమె మంచం దిగలేకపోయిందట.

"ఇంటి ముందే మేళం మోగుతా పోయిందే. లేచి గుమ్మం దాకా రాలేకపోయా. నీకూ అంతే అవుద్ది" అంది.

జ్వరమొస్తే ఇక తిరునాళ్ళ చూడలేనట్టే. వేయించుకోకపోతేనో? నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా మేనత్తకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున నాకు జడ వేసిన మనిషి సాయంత్రానికి లేదు. అంత జనంలో ఎక్కడి నీళ్ళు తాగాల్సొస్తుందో ఎవరికి తెలుసు?

తేల్చుకోలేక నర్సమ్మ దగ్గరికే పోయి ఉన్నదున్నట్టు అడిగాను. ఆమె ఏమీ దాచలేదు. చెయ్యి సలుపుతుందని, కొందరికి జ్వరం కూడా వస్తుందని, రెండు రోజుల్లో తగ్గిపోతుందని చెప్పింది. సూది వేయించుకున్నా నీళ్ళు కాచుకునే తాగమంది. కిందటేడు మా అత్త సరిగ్గా పండగ ముందురోజు పరిగెత్తుకొచ్చి వేయించుకుందన్న సంగతీ ఆమే చెప్పింది.

ఇంకేం, పండగకింకా వారముందిగా, రవిక చెయ్యి పైకి లాక్కుని కూర్చున్నాను.

ఇంటికొచ్చి సూది సంగతి, నర్సమ్మ చెప్పిన మాట చెప్పాను. అత్త కొంగు దోపుకుని లేచింది.

"పద, నేనూ వేయించుకుంటా. ఈసారి మాత్రం చూడకుండా ఉండను."

ఇద్దరికీ జ్వరం తగిలింది. పక్కపక్కన మంచాలేసుకుని, మూలుగుతూనే ఏ చీర కట్టాలో, ఎవరి బండెక్కాలో మాట్లాడుకున్నాం. మామ గంజి కాచిచ్చి, ఇది జ్వరమో తిరునాళ్ళ పిచ్చో తెలవడం లేదని నవ్వాడు. మూడోనాటికి ఇద్దరం లేచి ఇల్లు అలుకుతున్నాం.

శివరాత్రినాడు ప్రభ వెనకే ఎడ్లబండిలో బయలుదేరాం. పొద్దు గూకేసరికి కొండ కింద ఎటు చూసినా ప్రభలే. ఒక్కొక్కటి తాటిచెట్టును మించిన ఎత్తు. ఎర్రవి, పచ్చవి, నీలివి బల్బులు వెలిగి ఆరి మళ్ళీ వెలుగుతున్నాయి. జనరేటర్ల రొద, మైకుల్లో పాటలు, దుమ్ము. నేను కదలడం మర్చిపోయి నిలబడ్డాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడే ఆగితే ఎట్టా? అవతల ఇంకా చానా పెద్దయి ఉన్నాయి" అంటూ నన్ను జనంలోకి లాక్కుపోయింది.