కాంటా మీద మనుషులు

మా ఆయనకు నడుము కింద స్పర్శ పోయి రెండేళ్లు దాటిన తర్వాత మేము ఒక పాత వ్యాను కొన్నాము. ఉస్మాన్‌గంజ్‌లో మాది చింతపండు, ఎండుమిరపకాయల హోల్‌సేల్ దుకాణం. గోదాము మెట్ల మీద జారి పడి ఆయన వెన్నుపూస దెబ్బతిన్నది. ప్రాణం దక్కింది, అది స్వామి దయ. కానీ అరగంటకు మించి కూర్చోలేరు. పడుకునే ఉండాలి, రెండు గంటలకోసారి ఎవరైనా పక్కకు తిప్పాలి. కారులో పట్టరు, బస్సు ఎక్కలేరు. అంబులెన్సులో ఆసుపత్రికి పోయి రావడం ఒక్కటే ఆయన చూసిన బయటి లోకం.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు ధర్మపురి నరసింహస్వామికి మొక్కుకున్నాను. ఈ మనిషిని నాకిస్తే, ఈ మనిషినే తెచ్చి నీ ముందు నిలబెడతానని. నిలబెట్టడం కుదరదని తర్వాత డాక్టర్లు చెప్పారు. పడుకోబెట్టయినా చూపిస్తానులే అని సర్దిచెప్పుకున్నాను. నాకు మొక్కుకన్నా పెద్ద దిగులు ఇంకొకటి ఉండేది. ఆయన తిండి తగ్గించేశారు. దుకాణం నుంచి ఫోన్ వస్తే "నాకెందుకు చెప్తున్నరు" అని పెట్టేసేవారు. ఎటు తిప్పమంటారని అడిగితే గోడవైపు తిప్పమనేవారు. రోజంతా చేసే చాకిరీకి ఒళ్లు అలసిపోయేది, ఆ ఒక్క మాటకు మనసు అలసిపోయేది.

వ్యాను ఆలోచన మా మరిదిది. ఒకరోజు ఫోన్ పట్టుకొని మంచం దగ్గరికి వచ్చాడు.

"వదినా, గిది చూడు. వ్యాన్లనే ఇల్లు కట్టుకుంటున్నరు. మంచం, పొయ్యి, నీళ్లు, అన్నీ అండ్లనే. అన్న పండుకోని పోవచ్చు."

ఆయన గోడవైపు నుంచే అడిగారు. "ఏ బండిర అది?"

ఆ మూడు మాటలకే నేను లోపలికి పోయి దీపం పెట్టాను.

పన్నెండు సీట్ల వ్యాను దొరికింది. సీట్లు పీకించి, లోపల పని చేయడానికి ధూల్‌పేట్ నుంచి ఒక వెల్డర్‌ను పిలిచాము. వినాయకుడి విగ్రహాలకు లోపల ఇనుప చట్రాలు కట్టడం అతని పని. మంచం చూపించినప్పుడు నాకు భయమేసింది. పది మంది పడుకున్నా చెక్కుచెదరనంత మందపు ఇనుము.

"ఇంత అవసరమా, అన్నా?" అన్నాను.

"భాభీ, గణపతి కూసుంటే ఊగొద్దు, సేట్ పండుకుంటే ఊగొద్దు. ఏక్ దమ్ మజ్బూత్ చేసిన. ఫికర్ చేయకుండ్రి."

తూకం అయిన తర్వాత ఇంకో పిడికెడు కొసరు వేయకపోతే మా ఇంట్లో ఎవరికీ చెయ్యి ఊరుకోదు. ఆ వ్యానుకూ అందరమూ కొసరు వేశాము. అత్తమ్మ పొయ్యి కింద రాతి గట్టు ఉండాల్సిందేనని పట్టుబట్టింది. "చెక్క మీద మంట పెడ్తరా ఏంది బిడ్డా? రాయి ఉంటెనే వంట." మరిది పెద్ద నీళ్ల ట్యాంకు పెట్టించాడు, ఒక బ్యాటరీ సరిపోదని రెండోది తెచ్చాడు. చక్రాల కుర్చీ ఎక్కడానికి వెనక తలుపు దగ్గర మోటారుతో లేచే లిఫ్టు బిగించాడు. నేనేమీ తక్కువ తినలేదు. టేకుతో చిన్న పూజ అర చేయించుకున్నాను, దానికి ఇత్తడి గంటల తలుపులు కూడా.

నేను బడికి పోలేదు. నాన్న ఇంట్లోనే తెలుగు, లెక్కలు, కాస్త ఇంగ్లీషు నేర్పారు. అందుకని కాగితాలు చదివే పని నాకే వచ్చేది. బండి ఆర్సీ చదివి, అన్నీ కలుపుకొని మూడున్నర టన్నులు దాటకూడదని రాసి ఉందని చెప్పాను. దాటితే మార్పులకు ఆర్టీఓ అనుమతి రాదు. వచ్చినా అలాంటి బండిలో ఆయన్ను ఎక్కించే ధైర్యం ఎవరికి ఉంటుంది?

పని ముగిశాక మరిది, నేను, వెల్డర్ కలిసి బండిని లారీలు తూచే కాంటాకు తీసుకుపోయాము. కాంటా పళ్లెం మీదికి బండి ఎక్కగానే ముగ్గురం దిగి పక్కన నిలబడ్డాము. ఎవరూ దిగమని చెప్పలేదు. మా వ్యాపారంలో అది పుట్టుకతో వచ్చే అలవాటు. సరుకు లారీలో మనుషుల్ని దాచి తూకం పెంచే మోసగాళ్లు ఉంటారు కాబట్టి, మర్యాదస్థుల బండి తూగేటప్పుడు డ్రైవర్, క్లీనర్, హమాలీ అందరూ కిందే ఉంటారు. కాంటా మీద మనిషి ఉంటే అది దొంగ తూకం.

తూకం మూడు టన్నుల మీద కొంచెం వచ్చింది. హద్దుకు ఇంకా మూడు వందల కిలోలకు పైనే మిగిలి ఉంది. "మస్తు జాగుంది, వదినా!" అని మరిది ఎగిరినంత పని చేశాడు. ఇంటికి వచ్చి ఆ మిగిలిన జాగాలోకి పరుపులు, గ్యాస్ సిలిండరు, బియ్యం, పప్పు, అత్తమ్మ ఇత్తడి గిన్నెలు చేర్చాము.

ఆదివారం పొద్దున దగ్గర్లోనే ఉన్న పురానాపూల్ వంతెన దాకా పోయి వద్దామని బయలుదేరాము. ఆయన, నేను, అత్తమ్మ, మరిది, తోడికోడలు, రోజూ ఆయన్ను తిప్పడానికి వచ్చే అటెండరు. ట్యాంకు నిండా నీళ్లు. లిఫ్టు మీద ఆయన కుర్చీ మెల్లగా పైకి లేస్తుంటే గల్లీలో పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన సిగ్గుపడ్డారు, కానీ చెయ్యి ఊపారు.

కిటికీ పక్కన మంచం. పడుకొని బయటికి చూస్తూ పోయారు. పురానాపూల్ దగ్గర జామకాయల బండి కనబడగానే ఆపమన్నారు.

"ఎట్లిస్తున్నవ్, భాయ్?"

"చాలీస్ కిలో, సేట్. నలభై."

"పండుకున్నోణ్ణి చూసి ఎక్కువ చెప్తున్నవా?"

"అయ్యో సేట్, పండుకున్నోళ్లకు చాలీస్. కూసున్నోళ్లకైతే యాభై."

ఆయన పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను స్వామికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

తిరిగి వస్తుంటే స్పీడ్ బ్రేకర్ మీద బండి వెనక భాగం నేలకు గీసుకుంది. ఇనుము అరిచిన చప్పుడు. కాస్త దూరం పోగానే రబ్బరు కాలిన వాసన. స్కూటర్ మీద పోతున్న ఒకతను కేకేశాడు. "భాయ్, పీఛే సే గాడీ బైఠ్ గయీ!" మరిది దిగి చూశాడు. బండి వెనక కూలబడి, టైరు బాడీకి రాసుకుంటోంది.

మెల్లగా కాంటాకే తీసుకుపోయాము. కాంటా గదిలోని మనిషి కిటికీలోంచి తల బయట పెట్టి, "దిగుండ్రి, అందరు దిగుండ్రి" అన్నాడు. దిగాము. 

"లోపట ఎవరో ఉన్నరు," అన్నాడు అతను.

"మా అన్న. దిగలేడు."

"గట్లయితే తూకం తప్పు పడ్తది."

"పడనీ. అన్న బరువు తర్వాత తీసేసుకుంటం," అన్నాడు మరిది.

బండి కిటికీలోంచి మా ఆయన గొంతు వచ్చింది. "అరె, నన్నెందుకు తీసేస్తవ్‌ర? నేను లేకుండ ఈ బండి ఎటు పోతదిర?"

రోడ్డు మీద నిలబడ్డ మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. తరాలుగా తూకం మీద బతికిన ఇల్లు మాది. అది సరుకు బండి కాదు, మనుషుల బండి. అందులో పోయే ఆరుగురిని, తాగే నీళ్లను, పడుకునే పరుపులను వదిలేసి ఉత్త డబ్బాను తూచుకొని సంబరపడ్డాము.

"ఎక్కుండ్రి," అన్నారు ఆయన లోపలి నుంచి. "అందరు ఎక్కుండ్రి."

"మనుషుల్ని తూస్తరా, సేట్?" అన్నాడు కాంటా మనిషి.

"మనుషుల్నే తూయాలె, భాయ్."

అందరం ఎక్కి కూర్చున్నాము. దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది. హద్దు మీద నాలుగు వందల కిలోలు ఎక్కువ వచ్చింది.

ఇంటికి రాగానే గోడవైపు తిప్పమన్నారు. నేను దుప్పట్లు మడుస్తున్నాను. అటు తిరిగే అన్నారు.

"ఎక్కువైంది ఏందో తెల్సా? నేను, నా ఇనుప మంచం, నా కుర్చీ, నా లిఫ్టు. గవన్నీ దింపితే మీరంతా ఆరాంగ పోవచ్చు. నువ్వు పోయి మొక్కు తీర్చుకోని రా."

ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి.

"మిమ్మల్ని తెస్తనని మొక్కిన. నేనొక్కదాన్నే పోయి స్వామికి ఏం చెప్పాలె? బరువెక్కువైండని ఇంట్ల పెట్టొచ్చిన అని చెప్పాలెనా?" అన్నాను.

నేను దుప్పట్లన్నీ మడిచి పెట్టి దీపం వత్తి సరిచేసి వచ్చేసరికి, గోడకేసి చూస్తూనే అడిగారు. "గా రాతి గట్టు ఎంత తూగుతది?"

మరునాడు దుకాణం నుంచి బస్తాలు తూచే చిన్న కాంటా ఇంటికి వచ్చింది. బండిలోంచి ఒక్కొక్కటి దింపి తూచడం, ఆయన పడుకున్న చోటు నుంచే ఉంచాలో తీసేయాలో చెప్పడం. రాయి పోయింది. అత్తమ్మ ఒక పూట నాతో మాట్లాడలేదు, నేను చేయించిన పని అన్నట్టు. రెండో బ్యాటరీ పోయింది. ట్యాంకు పోయి చిన్న డబ్బా వచ్చింది. వెల్డర్‌ను పిలిచి ఆ ఇనుము కోసేసి సన్నటి పైపులతో మంచం కట్టమంటే అతనికి కోపం వచ్చింది.

"సేట్, రేపు ఊగితే నన్ను అనొద్దు."

"ఊగనియ్ భాయ్. నన్నేమన్న నిమజ్జనం చేస్తున్నవా?"

వెల్డర్ నవ్వుకుంటూనే కోయడం మొదలుపెట్టాడు. నా టేకు అర నేనే దింపాను. స్వామి పటం ఒక్కటి గుడ్డలో చుట్టి మంచం తలవైపు కట్టుకున్నాను. లారీకి సరుకు ఎత్తించినట్టే చూడాలన్నారు ఆయన. బరువంతా తోకలో పెట్టారు, అందుకే కూలబడిందని, డబ్బా, సిలిండరు చక్రాల నడుమకు జరిపించారు. ఆ నాలుగు రోజులూ ఆయన గోడను అడగలేదు. బండి కనబడేలా గుమ్మంవైపు తిప్పమన్నారు. నాకు మాత్రం ఒక్కో వస్తువు మోసి, తూచి, మళ్లీ మోసి, మధ్యలో ఆయన్ను తిప్పి, నడుము విరిగిపోయింది.

అన్నీ తీసినా ఇంకా హద్దు మీదే ఉన్నాము. ఇద్దరు ముగ్గురు మనుషులంత ఎక్కువ. తీయడానికి మిగిలినవి రెండే. లిఫ్టు ఒకటి, మేము ఒకటి. లిఫ్టు తీసేస్తే ఆయన్ను ఎత్తడానికి మనుషులు కావాలి. మనుషులు దిగితే లిఫ్టు ఉండాలి.

అత్తమ్మే ముందు అన్నది. "నేను దిగుత బిడ్డా. నా మోకాళ్లకు అంత దూరం కుదరదు."

"అత్తమ్మ కాడ నేనుంట," అన్నది తోడికోడలు.

అప్పటికీ ఒకరంత ఎక్కువే. ఇక మిగిలింది అటెండరు. ఎవరూ నా మొహం చూడలేదు. దారిలో అతను ఉంటాడు, రెండు గంటలు కళ్లు మూసుకోవచ్చు అనే ఆశ ఒక్కటే ఆ వ్యాను గురించి నాకు నాకోసమంటూ ఉన్న ఆశ. దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. తల ఊపాను. వంటింట్లోకి పోయి నీళ్లు తాగి, మంచి రోజులు ఇవ్వలేదని కాదు గానీ, ఇంకా ఎంత మోయిస్తావు స్వామీ అని ఒకసారి అన్నాను. తర్వాత చెంపలు వేసుకున్నాను.

బయలుదేరే రోజు తోడికోడలు పులిహోర డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. "తూయించే పెట్టిన అక్కా, ఎక్కువ లేదు," అన్నది. ఆ పిల్ల చల్లగా ఉండాలి, పొద్దున నాకు వంటపని లేకుండా చేసింది.

కాంటా మీద ఆగాము. మరిది స్టీరింగు ముందు, ఆయన మంచం మీద, నేను కింద చాప మీద.

"దిగరా?" అన్నాడు కాంటా మనిషి.

"దిగం," అన్నారు ఆయన.

హద్దులోపలే వచ్చింది, కొద్దిలో.

సిద్దిపేట దాటేదాకా మెలకువగానే ఉన్నాను. ఒకసారి బండి ఆపించి ఆయన్ను తిప్పాను. మళ్లీ ఎప్పుడు తిప్పాలో ఫోన్‌లో మోగేలా పెట్టుకొని మంచం కోడుకు తల ఆనించాను.

కళ్లు తెరిచేసరికి బండి ఆగి ఉంది. ఇంజను చప్పుడు లేదు. గోదావరి మీది గాలి కిటికీలోంచి తడిగా వస్తోంది. నా మీద ఆయన దుప్పటి ఉంది. ఆయన రెండో పక్కకు తిరిగి ఉన్నారు.

"ఎవరు తిప్పిండ్రు?" గాబరాగా లేచాను. "ఫోన్ మోగలేదా?"

"మోగింది. నేను బంద్ చేసిన," అన్నారు. "తమ్ముడు నడుమల బండి ఆపి తిప్పిండు."

"నీ మీదికెల్లి వంగి తిప్పిన వదినా," అన్నాడు మరిది నడుము పట్టుకొని. "లేస్తవేమోనని అన్న నోటి మీద వేలు పెట్టుకునే ఉన్నడు."

"మధ్యాహ్నమాయె, గుడి మూసేసి ఉంటరు కదా! జర లేపొద్దా?"

"మూస్తే మళ్ల తెరుస్తరు. స్వామి ఎటు పోతడు? నిన్ను పండుకోనియ్యాలె అనిపిచ్చింది."

పులిహోర డబ్బా తీశాను. ముగ్గురం అక్కడే తిన్నాము. ఆయన రెండోసారి పెట్టించుకున్నారు.

సాయంత్రం గుడి తెరిచాక, మెట్ల దగ్గర ఎవరో నలుగురు వచ్చి, అడగకుండానే కుర్చీకి తలా ఒక చెయ్యి వేసి పైకి చేర్చారు. దండం పెడదామని తిరిగేసరికి జనంలో కలిసిపోయారు. ఆ దండం వాళ్లకు ఇక్కడ పెట్టుకుంటున్నాను. స్వామి ముందు ఆయన కుర్చీ పక్కన నిలబడి, తీసుకొచ్చాను అన్నాను. ఇంకేమీ అడగాలని తోచలేదు. ఆయన కళ్లు మూసుకొని ఉన్నారు, పెదాలు కదులుతున్నాయి.

బయటికి వచ్చాక అన్నదమ్ములిద్దరూ ఇంకెటు పోవచ్చో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఒకరు బాసర అంటారు, ఇంకొకరు భద్రాచలం అంటారు. నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఆయన్ను తిప్పే వేళ అవుతోంది. ముందు కుర్చీని బండి దగ్గరికి తొయ్యండి అన్నాను.