ఖాసింబీ అడిగిన ఒక్క అర్ర

ఎన్నాళ్లనుంచో చూడాలనుకున్న గోల్కొండను ఈ రోజు చూశాను. అన్న, నేను పొద్దున్నే ఇబ్రహీంపట్నంలో బస్సెక్కాం. ఒకప్పుడు వజ్రాల బేరానికి బందరు నుంచి వర్తకులు హయత్‌నగర్ మీదుగా ఈ రాజధానికే వచ్చేవారట. అన్న ఆ కబుర్లు చెబుతుండగా కోట దర్వాజా దాటాం.

లోపల గోడ నీడన ఒకామె జామపండ్లు అమ్ముతోంది. దగ్గరికి వెళితే మా వాడకట్టు దర్జీ భార్య ఖాసింబీ. మొన్నటి పోలీసు యాక్షన్‌లో ముస్లింల ఇళ్ల మీద దాడులు జరిగినప్పుడు ప్రాణభయంతో పిల్లలను తీసుకుని ఊరు విడిచింది. నా రవికెలన్నీ కుట్టింది వాళ్లే. నన్ను చూడగానే చేయి పట్టుకుంది.

“మా ఇల్లు ఉన్నదా అక్కా, కూలగొట్టిన్రా?” అని అడిగింది.

అన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేనే చెప్పాను. “ఉన్నది. మా అన్న అండ్ల ఎడ్లను కట్టేస్తున్నడు.”

“మీరు మల్ల రారనుకున్నం,” అన్నాడు అన్న మెల్లగా.

ఖాసింబీ కోపం చేయలేదు. చేసినా బాగుండేది. “ఎడ్లను ఉండనీ అన్నా. మాకు ఒక్క అర్ర ఇస్తె సాలు, వస్తం,” అంది. తన ఇంట్లోనే తనకొక గది అడుగుతోంది.

ఆ తర్వాత కోటలో ఏం చూశానో గుర్తు లేదు. తిరుగు బస్సులో అన్నతో, “రేపే ఎడ్లను విప్పు,” అన్నాను.

“ఊరోళ్లు ఏమంటరో చూడాలె గద,” అన్నాడు.

కట్టేసిన రోజు మాత్రం ఊళ్లో ఎవరినీ అడగలేదు. రేపు పొద్దున నేనే వెళ్లి విప్పుతాను. అన్న అడ్డం వస్తే, నా చోట మీరైతే ఏం చేస్తారో చెప్పండి.