అన్నయ్య రాసిచ్చిన మదర్‌బోర్డు

నా పాత కంప్యూటర్ పోయిన ఏడాది వానాకాలంలో చచ్చింది. బటన్ నొక్కితే ఫ్యాను ఒక్కసారి గిర్రున తిరిగి ఆగిపోయేది, అంతే. కోచింగ్ సెంటర్లకు తెలుగు ప్రశ్నపత్రాలు టైపు చేసివ్వడం నా పని. మన్సూరాబాద్‌లో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. పరీక్షలు దగ్గరపడి సెంటర్ల వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్న రోజుల్లోనే అది నన్ను నట్టేట ముంచింది.

దాన్ని తొమ్మిదేళ్ల కిందట అమర్చిపెట్టింది మా అన్నయ్య. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాంప్లెక్సు రెండో అంతస్తులో తనకు కంప్యూటర్లు అసెంబుల్ చేసే షాపుండేది. తన పని చూడటం నాకు సరదా. బోర్డు ముట్టుకునే ముందు పక్కనున్న ఇనుప బీరువాకి అరచెయ్యి ఆనించేవాడు, ఒంట్లో ఉన్న కరెంటేదో దిగిపోవాలని. స్క్రూలన్నీ ఊరగాయ జాడీ మూతలో వేసుకునేవాడు. బోర్డును క్యాబినెట్‌లో బిగించకముందే దాని అట్టపెట్టె మీద పరిచి, వైర్లు తగిలించి, ఒకసారి వెలిగించి చూసేవాడు. "లోపల బిగించాక ఏడ్చే కంటే బయటే ఏడవడం నయం కదే" అనేవాడు.

నా కంప్యూటర్ చెడిపోవడానికి రెండేళ్ల ముందు తనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోలేదు గానీ బాగా నెమ్మదించింది. షాపును అందులో పదేళ్లు పనిచేసిన నల్గొండతనికే అప్పగించేసి, సైదాబాద్‌లో ఇంటి బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేమంతా వెళ్లి పలకరించేవాళ్లం, పళ్లు ఇచ్చేవాళ్లం, మందులు వేసుకున్నావా అని అడిగేవాళ్లం.

నా కంప్యూటర్ సంగతి తెలిసి వదిన ఫోన్ చేసింది. "ఏమ్మా, ఆ కొత్త కంప్యూటర్ ఏదో మీ అన్నయ్యని అడిగి కొనకూడదూ? రెండేళ్లయింది ఆయన్ని ఎవరైనా ఏదైనా అడిగి. అన్నం తిన్నావా అని తప్ప."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మర్నాడే వెళ్లాను. "అన్నయ్యా, కొత్తది కావాలి. ఏం కొనాలో నువ్వే చెప్పాలి" అన్నాను. తను కాసేపు నా మొహంలోకి చూశాడు, జాలితో అడుగుతున్నానా అని తూకం వేస్తున్నట్టు. ఆ తర్వాత కాగితం, పెన్ను తెమ్మన్నాడు. ఎడమచేత్తో ఒక్కొక్కటే రాశాడు. ప్రాసెసర్, ర్యామ్, క్యాబినెట్. మదర్‌బోర్డు దగ్గర మోడల్ నంబరుతో సహా రాసి కింద రెండు గీతలు కొట్టాడు. అన్నిటికంటే పెద్ద అక్షరాలు దానికే.

"సామాన్లు తెచ్చి... ఇక్కడ పెట్టు. మనిద్దరం బిగిద్దాం. నువ్వు నా కుడిచెయ్యి" అన్నాడు. ఆ తర్వాత, "నీ పాత కీబోర్డు కూడా... తీసుకురా" అన్నాడు.

నా కీబోర్డు సంగతి చెప్పాలి. తెలుగు టైపు నేర్చుకున్న కొత్తలో అన్నయ్య కొనిచ్చింది. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు తనే అతికించాడు. అవి అరిగిపోయి సగం మీటలు బోడిగా ఉన్నా, నా వేళ్లకు దానిమీద కళ్లుంటాయి. ఇంకో కీబోర్డు మీద కూర్చోబెడితే నేను పత్రంలో సగం తప్పులు కొడతాను. ఆ వారంలోనే దాన్ని తీసుకెళ్లి ఇచ్చాను. ఏదో కాలక్షేపానికి తుడుచుకుంటాడులే అనుకున్నాను.

ఆ రోజే బోర్డు గురించి అడిగాను. "ఇదే ఎందుకన్నయ్యా? కొత్తవి ఉన్నాయటగా."

"దీనికి... వెనకాల..." అని మొదలుపెట్టాడు. మాట కోసం నోరు వెతుక్కుంటోంది. నాకు అలా చూడటం కష్టంగా ఉంటుంది. పైగా ఎల్బీ నగర్‌లో ఒక సెంటరు వాళ్లకు, నెట్ సెంటర్లో కూర్చుని టైపు చేసిన పత్రం ఇవ్వాల్సి ఉంది. "నమ్మకమైన కంపెనీ, అంతేగా" అని నేనే పూర్తి చేసేశాను. తను నోరు మూసుకుని తలూపాడు. ఇప్పుడు ఆ తలూపడమే నా కళ్లముందు తిరుగుతుంది.

డబ్బు సర్దుకుని, రెండు వారాల తర్వాత ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, తన పాత షాపుకే వెళ్లాను. గుమ్మం పైన షాపు పేరు మారింది, లోపల ఆ ఇనుప బీరువా అలాగే ఉంది. ఇప్పుడు షాపు నడుపుతున్న ఆ నల్గొండతను కాగితం అందుకుని చాలాసేపు చూశాడు.

"గిది సార్ రాసిండా అక్కా? సార్ చేతిరాత గిట్లయిందా?" అన్నాడు. వాళ్ల సార్ రాతంటే ముత్యాల్లా ఉండేది మరి.

రెండు డబ్బాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఒకటి అన్నయ్య రాసింది. పెద్ద బోర్డు, ర్యామ్ పెట్టుకోవడానికి నాలుగు స్లాట్లు. రెండోది కొంచెం చిన్నది, రెండే స్లాట్లు, కానీ కొత్త రకం.

"సార్ చెప్పింది ఖరాబ్ మాల్ అని నేననను. మజ్బూత్ ఉంటది. కానీ గిది పోయిన జనరేషన్ అక్కా. రేపు ప్రాసెసర్ మార్చాలంటే పరేషాన్ అయితవ్. గా కొత్తది తీస్కో, పది సంవత్సరాలు చూడనక్కర్లే. సార్ షాపుకొచ్చి రెండేండ్లాయె, గీ కొత్తవన్నీ ఆయనకెట్ల తెలుస్తయి?"

నేను ఫోన్ తీసి అటూ ఇటూ వెతికాను. అందరూ కొత్తదాన్నే మెచ్చుకుంటున్నారు. నిజం చెప్పేస్తాను. పక్షవాతం అన్నయ్య చేతికే కాదు, తెలివికీ వచ్చిందనుకున్నాను. బాల్కనీలో కూర్చున్న మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఇన్నేళ్లూ తనను అడక్కుండా ఒక్క మౌస్ కూడా కొనని దాన్ని, ఆ రోజు మహా తెలిసినదానిలా కొత్తది ఇచ్చెయ్యమన్నాను.

అన్నయ్యకేం చెప్పాలన్నది అప్పుడు తోచింది. ఆ ఉపాయం షాపతనిది కాదు, నాదే. "బిగించేది కూడా మీరే బిగించెయ్యండి. అన్నయ్య రాసిన ఆ డబ్బా ఖాళీది నాకివ్వండి" అన్నాను.

అతను తల గోక్కున్నాడు. "సార్‌కు అబద్ధం చెప్తవా అక్కా?"

"బాధపడతాడని."

"ఏమో, నీ ఇష్టం. నా పేరు మాత్రం తియ్యకు" అంటూ తన స్టాకులోని బోర్డును బయటికి తీసి, ఆ డబ్బా నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం బిగించిన క్యాబినెట్ ఇంటికి వచ్చింది. అన్నయ్యకు ఫోన్ చేసి, "నువ్వు రాసిందే తెచ్చాను. వాళ్లే బిగించేశారు, నీకెందుకు శ్రమ అని" అన్నాను. "వెలిగించి... చూశారా? డబ్బా మీద పెట్టి?" అని అడిగాడు. చూశారన్నాను. "ఆదివారం వస్తాను" అన్నాడు.

మా ఇంటికి అయిదు మెట్లే. ఆటో దిగి వదిన భుజానికి ఆనుకుని వాటిని ఎక్కడానికి తనకు పది నిమిషాలు పట్టింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం గీయించుకుని వచ్చాడు. జేబులో స్క్రూడ్రైవర్ ఉంది. ఎడమచేతిలో గుడ్డసంచీ, ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఖాళీ డబ్బా చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

సంచీలోంచి నా కీబోర్డు తీశాడు. పోల్చుకోలేకపోయాను. మీట మీటా ఊడదీసి కడిగాడట. వదిన చెప్పింది, పదిహేను రోజులు, పొద్దున్నే కూర్చునేవాడట. అన్ని మీటల మీదా కొత్త స్టిక్కర్లు. ఎడమచేత్తో అతికించినవి కదా, ఒక్కటీ తిన్నగా లేదు. క కుడికి ఒరిగింది, మ కొంచెం కిందికి జారింది.

"నీ వేళ్లకి... ఇదే అలవాటు" అన్నాడు. తీగ చివర పట్టుకున్నాడు. పాతకాలపు గుండ్రటి పిన్ను. క్యాబినెట్ వెనక్కి చెయ్యి పోనిచ్చి, చూడకుండానే ఆ గుండ్రటి రంధ్రం కోసం తడిమాడు. ఎప్పుడూ ఉండే చోట ఒకసారి. దాని పక్కన. మళ్లీ పైనుంచి కిందకి. చెయ్యి ఆగిపోయింది.

నాకప్పుడు అర్థమైంది. "దీనికి వెనకాల" అని ఆ రోజు తను చెప్పబోయింది ఇదే. కొత్త బోర్డుకు ఆ రంధ్రం లేదు. నా కీబోర్డు కోసం, నా వేళ్ల కోసం వెతికి వెతికి ఆ మోడల్ రాసిచ్చాడు. తనకు కొత్తవాటి సంగతి తెలియక కాదు. నా సంగతి తెలిసి.

అన్నయ్య వంగి క్యాబినెట్ వెనక చూశాడు. తర్వాత బల్లమీది ఖాళీ డబ్బా వైపు చూశాడు. ఆ చేతుల మీదుగా కొన్ని వేల బోర్డులు వెళ్లి ఉంటాయి, తనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

"అన్నయ్యా, అది..." అన్నాను. ఇప్పుడు మాట కోసం వెతుక్కోవడం నా వంతయింది. తను నాలా తొందరపడి పూర్తి చెయ్యలేదు. ఆగాడు.

"ఈ పిన్నుకి... అడాప్టర్ దొరుకుతుందిలే" అన్నాడు చివరికి. "వాడు... బాగానే బిగించాడు." స్క్రూడ్రైవర్ జేబులోంచి బయటికి తియ్యనే లేదు. భోజనం చేశాడు, పప్పు బాగుందన్నాడు, మూడింటికి ఆటో పిలవమన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిడితే కాళ్లు పట్టుకుని ఏడ్చేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

అడాప్టర్ దొరికింది. ఇది కూడా దాంతోనే టైపు చేస్తున్నాను. టైపు చేసేటప్పుడు కీబోర్డు చూసే అలవాటు లేనిదాన్ని, ఇప్పుడు చూస్తున్నాను. ఒరిగిన క, జారిన మ.

కంప్యూటర్ బాగానే ఉంది. అయినా పోయిన నెల సైదాబాద్‌కు ఫోన్ చేసి, "అన్నయ్యా, ఈమధ్య నెమ్మదిగా నడుస్తోంది, ఏం చెయ్యమంటావ్?" అని అడిగాను. అది నా రెండో అబద్ధం. తన గొంతులో కోపం లేదు.

"షాపులో అడుగమ్మా" అన్నాడు. "వాళ్లకి... తెలుస్తుంది."